గణాలు లెక్కపెట్టి కొనే యంత్రాలు

గణాలు సరిపోయినంత మాత్రాన పద్యం కవిత్వం కాదని ముప్పైమూడేళ్ళపాటు పిల్లలకు చెప్పినవాణ్ణి. యతి కుదురుతుంది, ప్రాస కుదురుతుంది, ఉత్పలమాల లక్షణం వీసమెత్తు తప్పదు. అయినా చదివితే ఊక దంచినట్టుంటుంది. పదవీ విరమణ తరువాత ఈ మాట మళ్ళీ చెప్పవలసి వస్తుందని, అందులోనూ ఆట యంత్రాల విషయంలో చెప్పవలసి వస్తుందని ఎన్నడూ తలచలేదు. కాని హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీలను గురించి మన కుర్రవాళ్ళు చేస్తున్న తర్కం వింటూ ఊరకుండడం నా వల్ల కావడం లేదు.

తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని అడిగేవారికి ముందే సమాధానం చెబుతాను. ఆడేది మనుమలైనా డబ్బు చెల్లించేది మా తరం. ఇది డెబ్బయి వేల రూపాయల పైమాట. మా వంటి ఇళ్ళలో డెబ్బయి వేలంటే ఒక పిల్లవాడి హాస్టలు ఖర్చు, ఒక పెద్దావిడ కంటి శుక్లాల ఆపరేషను. అంత సొమ్ము పెట్టేవాడికి ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. ప్రశ్న అడగాలంటే తెలుసుకోవలసిన బాధ్యతా ఉన్నది. రెండేళ్ళుగా మా అమ్మాయి కొడుకూ వాడి స్నేహితులూ తెచ్చిన యంత్రాలను చేతబట్టి చూశాను. ఒకటి రెండు ఆటలు ఆడాను కూడా. (అన్నిటా ఓడిపోయాను. అది వేరే కథ.)

తెలియని చదువరుల కోసం రెండు ముక్కలు. ఇవి సెల్‌ఫోన్లు కావు. మామూలు కంప్యూటరులో ఉండే ప్రాసెసరు, మెమొరీ, నిల్వ అన్నీ పలకంత పెట్టెలో ఇమిడ్చి, మధ్య తెర, ఇరుప్రక్కల బటన్లూ జాయ్‌స్టిక్కులూ అమర్చినవి. చిన్న కంపెనీలు ఇటువంటివి ముందునుంచీ చేస్తున్నా, ఈ సందడికి మూలం 2022 ఫిబ్రవరిలో వాల్వ్ కంపెనీ విడుదల చేసిన స్టీమ్ డెక్. అమెరికాలో దాని ప్రారంభ ధర 399 డాలర్లు. 2023 జూన్‌లో ఏసస్ వారి ఆర్ఓజీ ఆలై వచ్చింది. మరుసటి నెలలోనే మన దేశంలో 69,990 రూపాయలకు అమ్మకానికి పెట్టారు. అదే ఏడు చివరలో లెనోవో లీజియన్ గో, 2024లో ఎంఎస్ఐ క్లా, 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఏసస్ చేసిన ఎక్స్‌బాక్స్ ఆలై. ధరలు నెలనెలా మారుతున్నవి గనుక వాటి జోలికి అంతకంటె పోను.

ఇక అసలు తగవు. ఈ యంత్రాల మీద జరిగే ప్రతి చర్చా ఒక పట్టికతో మొదలవుతుంది. ఎడమ గడిలో ఒకటి, కుడి గడిలో ఒకటి. ఎవరికి ఎన్ని కోర్లు, ఎన్ని హెర్ట్జులు, ఎన్ని పిక్సెళ్ళు, ఎన్ని టెరాఫ్లాప్‌లు. ఏ గడిలో పెద్ద అంకె ఉంటే వారు గెలిచినట్టు. గణవిభజన చేసి, లఘువు దగ్గర గీత గీసి, ఇది గొప్ప పద్యమని తీర్పు చెప్పడం అంటే ఇదే కదా!

ఆ టెరాఫ్లాప్‌ల సంగతే చూడండి. స్టీమ్ డెక్ చిప్‌కు 1.6 అని వ్రాస్తారు. ఆలైలోని జడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్‌కు 8.6 అని వ్రాస్తారు. అయిదు రెట్లకు మించిన తేడా! చూసిన కుర్రవాడికి కళ్ళు తిరగవా? కాని అదే ఆటను రెండిటిలోనూ ఆడిస్తే ఎక్కడా అయిదు రెట్ల వేగం రాదు. కారణం కష్టమైనది కాదు. ఆ కొత్త తరం చిప్‌లో ఒకే గడియలో రెండు లెక్కలను జంటగా చేయగల ఏర్పాటు ఉన్నది. కాగితం మీద ఆ జంటనంతా లెక్కలో కలిపి అంకెను రెట్టింపు చేస్తారు. ఆటలు మాత్రం ఆ ఏర్పాటును పూర్తిగా వాడుకోవడం అరుదు. మిగిలిన తేడా కూడా చిప్‌కు దండిగా విద్యుత్తు అందినప్పుడు కనబడేదే.

విద్యుత్తు! పట్టికలో అన్నిటికంటె అడుగున, చిన్న అక్షరాలలో ఉండే మాట ఇది. అన్నిటికంటె పైన ఉండవలసినదీ ఇదే. 2023 నాటి ఆలైలో బ్యాటరీ 40 వాట్-అవర్లు. టర్బో పద్ధతిలో చిప్ ఒక్కటే 25 వాట్లు త్రాగుతుంది. ఎనిమిదో తరగతి లెక్క: నలభైని ఇరవైయైదు చేత భాగిస్తే గంటా ముప్పైయారు నిమిషాలు. తెర, ఫ్యాను, వైఫై, స్పీకర్లు తమ వాటా తీసుకున్నాక మిగిలేది గంట, ఆపైన కొద్ది నిమిషాలు. గోడకు తగిలిస్తే 30 వాట్ల వరకు పోవచ్చు. పట్టికలో గెలిపించిన అంకెలన్నీ ఆ గోడ దగ్గరి అంకెలే.

స్టీమ్ డెక్ చిప్‌ను 4 నుంచి 15 వాట్ల మధ్య పనిచేసేటట్లు మలిచారు. తెర కూడా 1280 బై 800 మాత్రమే. అంటే పది లక్షల ఇరవైనాలుగు వేల చుక్కలు నింపితే చాలు. రెండు యంత్రాలనూ 15 వాట్లకు బిగించి పోల్చినవారు తేడా బాగా తగ్గిపోవడం చూశారు. ఇంకా దిగువకు దించితే "బలహీనమైన" యంత్రమే ముందుకు వచ్చింది. మా వాడితో ఈ మాట అంటే, "తాతయ్యా, ఛార్జరు పెట్టుకుని ఆడుకోవచ్చు కదా" అన్నాడు. "ఛార్జరు పెట్టుకుని గోడ ప్రక్కన కూర్చునేదానికి చేతిలో పట్టుకునేది ఎందుకురా?" అన్నాను. దానికి జవాబు ఇంకా రాలేదు.

పండితుడి మాట చెల్లదంటారా? సరే, కంపెనీల మాటే వినండి. నోటితో కాదు, చేతలతో చెప్పారు. వాల్వ్ 2023 నవంబరులో స్టీమ్ డెక్‌కు ఓఎల్ఈడీ రూపం తెచ్చినప్పుడు గణనశక్తిని పెంచడానికి పోలేదు. బ్యాటరీని 40 నుంచి 50 వాట్-అవర్లకు పెంచారు, తెరను మెరుగుపరచారు, బరువును 669 గ్రాముల నుంచి 640కి దించారు. ఏసస్ 2024లో ఆలై ఎక్స్ తెచ్చినప్పుడు పాత చిప్‌నే ఉంచి బ్యాటరీని 80 వాట్-అవర్లకు, అంటే సరిగ్గా రెట్టింపునకు పెంచింది. ఇక లెనోవో చేసినది నాకు అన్నిటికంటె ముచ్చట గొలిపింది. వారి మొదటి లీజియన్ గో తెర 2560 బై 1600. అంటే డెక్ తెరకు సరిగ్గా నాలుగు రెట్ల చుక్కలు! 8.8 అంగుళాల తెర మీద అన్ని చుక్కలను అరచేతి చిప్ ఎలా నింపగలదు? నింపలేదు గనుకనే ఆడేవారందరూ ఆ తెరను తగ్గించుకుని వాడుకున్నారు. 2025లో వచ్చిన లీజియన్ గో 2లో కంపెనీయే దిగివచ్చి 1920 బై 1200 చేసింది. అంకె తగ్గింది, యంత్రం మెరుగైంది. పట్టిక పండితులు దీనిని ఏ గడిలో వ్రాస్తారో చూడాలని ఉన్నది.

బరువు మాట వచ్చింది గనుక అదీ చెబుతాను. మొదటి లీజియన్ గో 854 గ్రాములు. రెండవది 920. పరీక్ష పేపర్ల కట్టలు ఏళ్ళ తరబడి మోసినవాణ్ణి, నాకు తొమ్మిది వందల గ్రాములు ఒక లెక్క కాదు. కాని కట్టను చంకన పెట్టుకుంటాం. దీనిని రెండు చేతులతో గాలిలో ఎత్తిపట్టి, బొటనవ్రేళ్ళతో ఆడిస్తూ గంటసేపు ఉండాలి. దుకాణంలో రెండు నిమిషాలు పట్టుకుంటే ఏ బరువూ తెలియదు. పడుకుని ముఖం మీదుగా పట్టుకునే అలవాటు మన పిల్లలకు ఉన్నది. ముక్కు మీద పడితే తెలుస్తుంది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన వాదానికి వస్తాను. "ఇందులో విండోస్ ఉన్నది, కనుక చదువుకోవడానికి కూడా పనికివస్తుంది." ఈ వాక్యం అమ్మేవారు నేర్పారో, పిల్లలు కనిపెట్టారో తెలియదు గాని, తల్లిదండ్రుల చేత సొమ్ము విప్పించే మంత్రంగా మారింది. సాంకేతికంగా అబద్ధం కాదు. అందుకే మరింత ప్రమాదకరం. ఏడంగుళాల తెర మీద, కీబోర్డు లేకుండా ఇంజనీరింగు పిల్లవాడు ప్రోగ్రాము వ్రాస్తాడా? ప్రాజెక్టు రిపోర్టు తయారుచేస్తాడా? చేయాలంటే కీబోర్డు, మౌసు, మానిటరు, వాటిని కలిపే డాకు కొనాలి. ఆ డెబ్బయి వేలకే 2023లో కీబోర్డూ, పదిహేనంగుళాల తెరా, విడిగా గ్రాఫిక్స్ చిప్పూ ఉన్న ల్యాప్‌టాప్ వచ్చేది. చదువుకే అయితే అది కొనండి. ఆటకే అయితే ఆటకేనని చెప్పి అడగండి. ఆట పాపం కాదు. పిల్లవాడు ఆడుకోవడానికి యంత్రం అడిగితే నేను తప్పు పట్టను. చదువు ముసుగు వేసి అడిగితే పడతాను. స్తోమత లేక చిట్టీ పాడి కొనిచ్చే తండ్రికి ఈ ముసుగు వలన జరిగే నష్టం, మళ్ళీ ఆరు నెలలకు ల్యాప్‌టాప్ కోసం ఇంకొక చిట్టీ పాడడం.

పైగా ఆ విండోస్ ఈ యంత్రాలకు అలంకారమా, భారమా? మౌసుతో కదిలించడానికి పుట్టిన వ్యవస్థ అది. ఏడంగుళాల తెర మీద దాని అక్షరాలు చీమల బారులు. ఆట మధ్యలో బటను నొక్కి నిద్రపుచ్చి, సాయంత్రం లేపితే ఆగినచోటనే మేలుకోవాలి. చేతియంత్రానికి ప్రాణం ఆ గుణమే. లైనక్స్ పునాది మీద వాల్వ్ నిర్మించిన స్టీమ్ఓఎస్ ఆ పని నమ్మకంగా చేస్తుంది. విండోస్ యంత్రాలలో ఒక్కొక్కసారి నిద్రపోయిందనుకున్నది సంచిలోనే మేలుకుని, ఫ్యాను తిప్పుకుంటూ, బ్యాటరీని ఖాళీ చేసి కూర్చుంటుంది. 2025 అక్టోబరులో ఎక్స్‌బాక్స్ ఆలైతో మైక్రోసాఫ్ట్ కొత్త పద్ధతి తెచ్చింది: డెస్క్‌టాప్‌ను తెరవకుండా నేరుగా ఆటల తెరకు పోవడం. మంచిదే. కాని దాని అర్థమేమిటి? విండోస్‌లోని విండోస్‌ను దాచిపెడితేనే ఇది చేతిలో ఇముడుతుందని దాని యజమానే ఒప్పుకోవడం కాదా? లెనోవో వారి లీజియన్ గో ఎస్ ఒకే యంత్రం రెండు వ్యవస్థలతోనూ వచ్చింది గనుక 2025లో కొందరు దాని మీద రెండిటినీ పోల్చి చూశారు. పరీక్షించిన ఆటలలో ఎక్కువ వాటిలో స్టీమ్ఓఎస్‌దే పైచేయి అయింది. విండోస్ కోసం వ్రాసిన ఆటలను ప్రోటాన్ అనే దుబాసీ ద్వారా ఆడిస్తూ కూడా! అనువాదం మూలాన్ని మించడం మన సాహిత్యంలో వింత కాదు గాని, కంప్యూటర్లలో వింతే.

అందువల్ల అందరూ స్టీమ్ డెక్ కొనవలెనని చెబుతున్నాననుకోకండి. ఇక్కడే రెండవ పక్షంవారితో నా తగవు. స్టీమ్ డెక్‌ను వాల్వ్ మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. అయినా మన సలహాదారులందరూ తడుముకోకుండా ఒకే మాట చెబుతారు: "అమెరికాలో మీవాళ్ళు ఉంటారుగా, వచ్చేటప్పుడు తెప్పించుకోండి." మన రెండు రాష్ట్రాలలో ఏ వీధిలో చూసినా ఒక ఇంటికి డల్లాసుతోనో న్యూజెర్సీతోనో చుట్టరికం ఉన్నమాట నిజమే. కాని సూట్‌కేసులో వచ్చే యంత్రంతో పాటు సర్వీసు సెంటరు రాదు.

నా మిత్రుడు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఇలాగే అన్నగారి అబ్బాయి చేత మనుమడికి ఒకటి తెప్పించాడు. ఏ కంపెనీదో చెప్పను, ఆ కంపెనీ తప్పూ ఇందులో పెద్దగా లేదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఎడమ జాయ్‌స్టిక్కు ఎవరూ తాకకుండానే తనంతట తాను కదలడం మొదలుపెట్టింది. ఇక్కడి సర్వీసు సెంటరువారు బిల్లు చూసి, విదేశంలో కొన్నది మాకు సంబంధం లేదన్నారు. సందులోని మరమ్మతు దుకాణంలో విప్పినవాడు ఒక పలుచని కేబులు తెంపాడు. ఆ యంత్రం ఇప్పుడు బీరువాలో, పట్టుచీరల మధ్య ఉన్నది. మిత్రుడు ఆ సంగతి ఎత్తితే మాట మారుస్తాడు.

వాల్వ్ ఈ విషయంలో ఇతరులకంటె ఉదారంగా ప్రవర్తించిందని ఒప్పుకోవాలి. 2022లోనే ఐఫిక్సిట్ ద్వారా విడిభాగాలను అమ్మించింది. మరమ్మతు ఎలా చేసుకోవాలో సూచనలు బయటపెట్టింది. అయినా ఆ విడిభాగాలు సముద్రం దాటి రావాలి, వచ్చినదాన్ని బిగించగల చేతులు దొరకాలి. హైదరాబాదులో దొరకవచ్చు, తణుకులోనో, సూర్యాపేటలోనో వెతకండి చూద్దాం. జాయ్‌స్టిక్కు ఈ యంత్రాలలో తొందరగా అరిగే భాగం. లీజియన్ గోలో, క్లాలో అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ జాయ్‌స్టిక్కులు పెట్టారు. రాపిడి తక్కువ గనుక అవి అలా తనంతట తాము కదిలే జబ్బుకు సులభంగా లొంగవు. పట్టికలలో ఈ వరుస ఉన్నదేమో వెతికాను. చాలావాటిలో లేదు. టెరాఫ్లాప్ ఉంటుంది, జాయ్‌స్టిక్కు ఉండదు!

మరి ఏది కొనాలి? నా అభిప్రాయం మొగమాటం లేకుండా చెబుతాను. మన ఊరి బిల్లుతో, మన దేశపు వారంటీతో దొరికేదే కొనాలి. వాటిలో బ్యాటరీ పెద్దది, బరువు ముప్పావు కిలో దాటనిది ఎంచుకోవాలి. ఈ కొలతకు ఆలై ఎక్స్ చక్కగా సరిపోతుంది. 80 వాట్-అవర్లు, 678 గ్రాములు. డబ్బు చాలకపోతే పాత ఆలైని 15 వాట్లకు పరిమితం చేసి వాడుకోవచ్చు. పట్టికలో ఓడిపోతారు గాని బస్సులో గెలుస్తారు. విండోస్‌తో విసిగితే దానిని తీసివేసి స్టీమ్ఓఎస్ వేసుకునే దారి కూడా తెరుచుకున్నది. 2025 మేలో వచ్చిన 3.7 సంచికతో వాల్వ్ తనవి కాని ఏఎండీ చేతియంత్రాలకూ మద్దతు విస్తరించింది. వేసుకుంటే లోపల ఉన్నదంతా చెరిగిపోతుంది గనుక ముందు విండోస్‌ను తిరిగి తెచ్చుకునే ఏర్పాటు చేసుకోవాలి. వారంటీకి ఇబ్బంది ఉండదు కదా అని సర్వీసువారిని అడిగి, జవాబును వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట నమ్మవద్దు.

దీనికి మినహాయింపు ఉన్నది. ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ వంటివి ఆడేవారికి స్టీమ్ఓఎస్ పనికిరాదు. మోసగాళ్ళను పట్టే వారి కావలి వ్యవస్థలు లైనక్స్ మీద ఆ ఆటలను సాగనివ్వవు. గేమ్ పాస్ ఆటలను యంత్రంలోనే దించుకుని ఆడాలన్నా విండోస్ ఉండవలసినదే. మా వాడి స్నేహితుడొకడు వాలరెంట్ కోసం విండోస్ చేతియంత్రమే కావాలని పట్టుబట్టాడు. కంప్యూటరు మీద ఆ ఆటను కీబోర్డు, మౌసుతోనే ఆడాలి. ఈ యంత్రానికి ఉన్న జాయ్‌స్టిక్కులు దానికి అక్కరకు రావు. రెండు నెలలు వాదించిన కుర్రవాడికి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? పట్టికలో ఆ గడి లేదుగా.

ఇంకొక సంగతి. యంత్రం మీద ఇంత తగవు పడేవారు ఆటలను ఏ అంగడిలో కొంటున్నారో ఆలోచించరు. 2024 అక్టోబరు నుంచి స్టీమ్ అంగడిలో డబ్బు కట్టే చోట స్పష్టంగా చెబుతున్నారు: మీరు కొంటున్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని మాత్రమేనని. కొత్తగా వచ్చిన నియమం కాదు, ఎప్పుడూ ఉన్నదే. కాలిఫోర్నియాలో చట్టం రాబట్టి బయటపడింది. జీఓజీ అనే అంగడిలో మాత్రం ఇన్‌స్టాలరు ఫైలును దించుకుని మన డిస్కులో భద్రపరచుకోవచ్చు. నా బీరువాలోని శబ్దరత్నాకరాన్ని ఎవరూ రాత్రికి రాత్రి వెనక్కు తీసుకుపోలేరు. మనుమడి ఆటల బీరువాకు ఆ భరోసా లేదు. యంత్రం నచ్చకపోతే సగం ధరకైనా అమ్ముకోవచ్చు, అనుమతులను అమ్ముకోలేరు.

అన్నట్టు, స్టీమ్‌లో సుమారు ముప్పై భాషలు ఉన్నవి. అందులో మన దేశపు భాష ఒక్కటీ లేదు. థాయి ఉన్నది, హంగేరియన్ ఉన్నది. విండోస్‌ను మాత్రం తెలుగులోకి మార్చుకోవచ్చు. భాషాభిమానంతో ఈ ఒక్క మార్కు విండోస్‌కు వేస్తాను.

మా వాడికి చివరకు ఒక షరతు పెట్టాను. కొనబోయే యంత్రాన్ని దుకాణంలో చేతికి తీసుకుని, ఛార్జరు ఊడదీసి, వాడు రోజూ ఆడదలచిన ఆటనే అరగంట ఆడి, బ్యాటరీ ఎంత శాతం దిగిందో కాగితం మీద వ్రాసి తేవాలి. మొన్న ఒక దుకాణంవారు ఛార్జరు తీయడానికి ఒప్పుకోలేదట. ప్రదర్శనకు పెట్టిన యంత్రానికి తీగ తీయకూడదన్నారట. ఈ ఆదివారం ఇంకొక దుకాణానికి పోతున్నాం. ఈసారి నేనూ వెంట వెళుతున్నాను.